‘సెప్పినాడు’లో సె, ‘సెడ్’లో సె

పోయిన వేసవిలో బూర్జ దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. జీఎన్ఎం నర్సింగు పూర్తయింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు, పది రోజులే గడువుంది. "నీ గురించి చెప్పమ్మా" అంటే ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. అదంతా కంఠతా పట్టిందే. మధ్యలో ఆపి, నర్సింగులోనే ఎందుకు చేరావని అడిగాను. కాసేపు గోడకేసి చూసి, తనంతట తానే ఒక వాక్యం కూర్చుకుంది: "మై మదర్ సైడ్ మీ నర్సింగ్ ఈజ్ గుడ్."

నర్సింగు మంచిదని వాళ్లమ్మ చెప్పిందట. కానీ వినేవాళ్ల చెవిన పడేది ‘మా అమ్మ తరఫు’ అన్న మాట. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మదర్ సైడ్, ఫాదర్ సైడ్ అని మనమే అంటాం కదా, అచ్చం అలాగే వినబడుతుంది. ఇంటర్వ్యూ చేసేవారు ఒక్క క్షణం అర్థంకాక చూస్తారు. ఆ చూపు చూసి ఈ పిల్ల నోరు కట్టేసుకుంటుంది. చదువొచ్చు, పనొచ్చు, ఇంజక్షను చేయడంలో చెయ్యి తిరిగిన పిల్ల. ఒక్క చిన్న మాట దగ్గర ఆగిపోతుంది. నాకు అదే బాధ.

ఆ మాట స్పెల్లింగు ఎస్, ఏ, ఐ, డీ. ‘సే’ అనే క్రియకి భూతకాలం. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే క్రియల్లో ఇదొకటి. ముప్పయ్యొక్కేళ్లు హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆమదాలవలసలో మా ఇంటి అరుగు మీద సాయంత్రం ఆరింటి నుంచి ఏడున్నర దాకా చెప్తున్నాను. వచ్చేవాళ్లలో ఇంటర్ పిల్లలున్నారు, ఉద్యోగాలకి ప్రయత్నించేవాళ్లున్నారు, బడికెళ్లే పిల్లల తల్లులూ ఇద్దరున్నారు. ఎవరొచ్చినా మొదటి వారం ఈ మాటే. మనం రోజంతా మాట్లాడుకునేదాంట్లో వాళ్లేమన్నారు, వీళ్లేం చెప్పారు అన్నదే సగం ఉంటుంది. ఇది నోటికి పట్టుబడితే చాలా వాక్యాలు వాటంతటవే వస్తాయి.

ముందు పలకడం.

సెడ్. అంతే, ఒక్క దెబ్బలో అయిపోతుంది. రెడ్, బెడ్, హెడ్, బ్రెడ్ వీటికి ప్రాస. డిక్షనరీ తెరిచి ఉచ్చారణ గుర్తులు చూస్తే సెడ్‌కీ బెడ్‌కీ అచ్చు దగ్గర ఒకటే గుర్తుంటుంది. సైడ్ అంటే పక్క. సెయిడ్ అని సాగదీసేవాళ్లు చాలామంది, టీచర్లలోనూ ఉన్నారు. నేనూ బీఈడీ ట్రైనింగులో నిండు క్లాసు ముందు అలాగే చదివాను. పాఠం అయ్యాక మా లెక్చరరు పక్కకి పిలిచి, "డిక్షనరీలో ఒకసారి చూసుకో" అన్నారు. ఆ రాత్రి హాస్టల్లో చూసుకుని, చూసుకోకపోయుంటే ఎంతమందికి తప్పు నేర్పేదాన్నో అని భయపడ్డాను.

మన పిల్లలు సెయిడ్ అనడానికి కారణం లేకపోలేదు. పీ, ఏ, ఐ, డీ అయితే పెయిడ్. ఎల్, ఏ, ఐ, డీ అయితే లెయిడ్. మరి ఎస్ పెడితే సెయిడ్ ఎందుకు కాదు? ఆ ప్రశ్న అడిగిన పిల్లాణ్ణి కసరకండి, వాడు బుర్రపెట్టి ఆలోచించాడు. సంగతేమిటంటే ఇంగ్లీషువాళ్లు కూడా పూర్వం దీన్ని సాగదీసే పలికేవారు. స్పెల్లింగులో ఏ తర్వాత ఐ ఉన్నది అందుకే. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు ఒక రూపానికి కట్టుబడిపోయాయి. నోళ్లు మాత్రం కట్టుబడలేదు. పదేపదే వాడే మాట అరిగి పొట్టిదవుతుంది కదా, ఇదీ అలాగే పొట్టిదైంది. మనం కాగితం మీద ‘వస్తాడు’ అని రాసి నోటితో ‘వత్తాడు’ అంటాం. మనకి ఇందులో ఆశ్చర్యపోయేదేముంది?

ఇక ఆ ‘సె’ ఎలా తెచ్చుకోవాలి అన్నది. ఇక్కడ మన శ్రీకాకుళం జిల్లావాళ్లకి ఒక సదుపాయం ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను.

మా అమ్మది పొందూరు. ఖద్దరు నూలు వడికేది. పొందూరు సన్న ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకి సన్నసన్న పళ్లుంటాయి, దువ్వెనకంటే సన్నంగా. అమ్మ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, గింజ చుట్టూ ఉన్న పత్తిని ఆ దవడతో నెమ్మదిగా లాగేది. ఒళ్లోకి తెల్లగా నురగలాగా దిగేది. నేను పక్కన కూర్చుని పాఠం పైకి చదివేదాన్ని. తనకి చదువు రాదు. అయినా ప్రతి సాయంత్రమూ అడిగేది: "ఏటి సెప్పినాడే మీ మేస్టరు?" నేను చెప్పేదాన్ని. బళ్లో మాత్రం సెప్పినాడు అంటే చేతి మీద బెత్తం దెబ్బ. "సెప్పినాడు కాదు, చెప్పాడు." ఆరో తరగతికి వచ్చేసరికి ఇంట్లో ఒక నోరు, బళ్లో ఒక నోరు అలవాటు చేసుకున్నాను. ఎవరైనా బయటివాళ్లొస్తే అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో నేను అందుకునేదాన్ని, ఆ ‘సె’ వాళ్ల చెవిన పడకుండా.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడో ఐదో ఏడో. ఏడో తరగతిలో ఒక పిల్లడు, పాలకొండ వైపు వాడు, ఎన్నిసార్లు చెప్పినా సెయిడ్ అనే అంటున్నాడు. రెడ్ అను అంటే రెడ్ అంటాడు. ఎస్, ఏ, ఐ, డీ చూడగానే మళ్లీ సెయిడ్. విసిగి వదిలేద్దామనుకున్నాను. బెల్లు కొట్టారు, వాడు పక్కవాడితో అంటున్నాడు: "మేడమ్ ఏటి సెప్పినాదిరా?" నాకు ఒళ్లు ఝల్లుమంది. వాణ్ణి పిలిచి, "ఇప్పుడన్నది మళ్లీ అనరా" అన్నాను. కొడతాననుకుని బిక్కమొహం వేశాడు. "కొట్టన్రా, అను." "సెప్పినాది." "మొదటి అక్షరం ఒక్కటే అను." "సె." "దానికి డ్ తగిలించు." "సెడ్."

అంత శుభ్రమైన సెడ్ ఆ బళ్లో నేనెప్పుడూ వినలేదు.

అప్పట్నుంచి నేర్పే పద్ధతి ఇదే. పుస్తకం మూసేయండి. అక్షరాలు చూస్తే నోరు మోసపోతుంది. మీ నాయనమ్మ అన్నట్టుగా ‘సెప్పినాడు’ అని మూడుసార్లు పైకి అనండి. నాలుగోసారి ‘సె’ దగ్గర ఆగండి. ఆ సె పొట్టిది, గట్టిది, వెనకాల యి లేదు. దానికి డ్ తగిలించండి. అర్థం కూడా అదే కాబట్టి మరిచిపోవడానికి వీల్లేదు: సెప్పినాడు, సెడ్. ఇంట్లో చెప్పాడు అనేవాళ్లయితే సెనగలు, సెలవు, సెగ ఏదో ఒకటి తీసుకోండి. అందులోనూ అదే సె ఉంది.

ఈ పద్ధతి చెప్పినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఆయన 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. జనం నోట ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు స్టేజీ మీద ఆయనకి దండ వేసి, మర్నాడు క్లాసులో సెప్పినాడు అన్న పిల్లాడి చెయ్యి వాచేలా కొడితే ఎలా?

సరిగ్గా వచ్చిందో లేదో ఎవరూ లేకపోయినా తెలుసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి సెయిడ్ అనండి. సె అన్నాక దవడ ఇంకాస్త పైకి లేచి, పెదవుల చివర్లు చెవుల వైపు సాగుతాయి. సెడ్ అన్నప్పుడు ఆ రెండో కదలిక ఉండకూడదు. కదిలిందంటే యి దూరినట్టే.

తర్వాత చివరి డ్. తెలుగు నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. బస్సు, పెన్ను, రోడ్డు అన్నట్టే సెడ్డు అనేస్తాం. డ్ దగ్గర నాలుక పైకి అంటించి అక్కడే ఉంచండి, ఉ అని వదలకండి. పక్కమాట అచ్చుతో మొదలైతే దాంట్లో కలిపేయండి. ఏమి, అన్నాడు కలిపి ఏమన్నాడు అంటాం కదా, అదే సంధి ఇక్కడ. సెడ్ ఇట్ అనేది ‘సెడిట్’ అవుతుంది, సెడ్ ఐ అనేది ‘సెడై’ అవుతుంది. టీవీలో ఇంగ్లీషు వార్తలు వింటూ మాటలు అందడం లేదనేవాళ్లకి చాలాసార్లు అందనివి ఈ సంధులే.

ఇంగ్లీషువాళ్ల డ్ మన డ కంటే కొంచెం ముందు పుడుతుంది. పై పళ్ల వెనకాల చిగురు ఉబ్బెత్తుగా ఉండే చోట, మన దకీ డకీ మధ్యలో అన్నమాట. మన డతో పలికినా ఎవరికీ అర్థంకాకపోదు, దీని కోసం ఆరాటపడకండి. దీనికంటే ముఖ్యమైనది నిడివి. సెట్, సెడ్ రెండూ పక్కపక్కన అని చూడండి. సెట్‌లో సె టక్కున తెగుతుంది, సెడ్‌లో సె రవ్వంత నిలుస్తుంది. ఆ రవ్వంత నిలవకపోతే సెట్ అని వినబడుతుంది. బ్యాంకు, బ్యాటులో ఉన్న యా రానివ్వకండి, అది దిగులుగా ఉండడమనే మరో మాట అయిపోతుంది.

దీనికి ఒక చెల్లెలుంది: ఎస్, ఏ, వై, ఎస్. ‘సేస్’ అని చదువుతారు, ‘సేయ్స్’ అంటారు. అది ‘సెజ్’. పేపర్లో అచ్యుతాపురం సెజ్ అని చదువుతుంటాం చూడండి, ఆ సెజ్ ఎలా పలుకుతామో ఇదీ అంతే. మళ్లీ అదే సె. చివరున్నది మాత్రం మన జ కాదు. జామకాయలో జ అన్నప్పుడు నాలుక అంటుకుని విడుతుంది. ఇక్కడ నాలుక దేన్నీ అంటకూడదు. పాము బుసలాగా స్‌స్‌స్ అంటూ ఉండండి, గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకోండి, బుస ఆపకుండా గొంతు కలపండి. వేళ్లకి తుమ్మెద రొద తగులుతుంది. అదే కావలసింది. సే, సేయింగ్ ఈ రెండూ మాత్రం ఎప్పటిలాగే సాగుతాయి. మారేవి సెజ్, సెడ్ రెండే.

ఇప్పుడు వాడకం. నర్సు పిల్ల రెండో తప్పు గుర్తుందా? "మదర్ సెడ్ మీ."

తెలుగులో చెప్పాడు అనే ఒక్క మాటతో పనైపోతుంది. నిజం చెప్పాడు, నాకు చెప్పాడు, రమ్మని చెప్పాడు. ఇంగ్లీషులో ఈ పని సెడ్, టోల్డ్ అని ఇద్దరు పంచుకున్నారు. టోల్డ్ పక్కనే వినే మనిషి ఉండాలి: టోల్డ్ మీ, టోల్డ్ హిమ్, టోల్డ్ ద డాక్టర్. సెడ్ పక్కన ఆ మనిషి నేరుగా కూర్చోడు, మాట కూర్చుంటుంది. మనిషిని తేవాలంటే మధ్యలో టు పెట్టాలి: "హీ సెడ్ టు మీ." మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. సెడ్ దగ్గర టు మింగేసి, టోల్డ్ దగ్గర "టోల్డ్ టు మీ" అని చేరుస్తారు. ఆ టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ‘నాకు’లో ఉన్న కు అది. తెలుగులో నాకు చెప్పాడు అంటేనే వాక్యం, నన్ను చెప్పాడు అంటే నవ్వుతారు. టోల్డ్‌కి మాత్రం ఆ కు అక్కర్లేదు. టోల్డ్ మీ అన్నప్పుడు ఆ మీలోనే ‘నాకు’ ఉందనుకోండి.

వినే మనిషి లేకుండా "హీ టోల్డ్ దట్ హీ ఈజ్ బిజీ" అనడం మన దేశంలో ఆఫీసుల్లో కూడా వింటాం. అక్కడ సెడ్ రావాలి, లేదా టోల్డ్ మీ అనాలి. అబద్ధం చెప్పడం, నిజం చెప్పడం, కథ చెప్పడం ఈ మూడూ టోల్డ్ సొత్తు, మనిషి లేకపోయినా సరే. సారీ, థాంక్స్, హలో, గుడ్‌బై ఇవన్నీ సెడ్ సొత్తు: "షీ సెడ్ సారీ." ఇవి అలవాటు మీదే వస్తాయి, కారణం వెతకక్కర్లేదు. డిడ్ వచ్చిన చోట సెడ్ రాదు, సే అనే అనాలి. "వాట్ డిడ్ హీ సే?" ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

అసలు కష్టమంతా ఇకముందుంది. గ్రామరు పుస్తకాలు దీన్ని డైరెక్టు స్పీచి, ఇండైరెక్టు స్పీచి అని పట్టికలు వేసి చూపిస్తాయి. తెలుగువాడు ఎక్కడ పడతాడో మాత్రం ఆ పట్టికల్లో ఉండదు.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే కుర్రాడు ఆదివారాలు నా దగ్గరికి వచ్చేవాడు. పొద్దున్నే రైలెక్కి దిగేవాడు. ఒక ఆదివారం వచ్చాడు గానీ ముఖంలో కళ లేదు. ఏమైందంటే, ఉత్తరాది నుంచి సరుకు కొనేవాళ్లు ఫోను చేశారు. యజమాని పక్కనే ఉండి, "లారీ రేపు పంపిస్తానన్నానని చెప్పు" అన్నారు. ఇతను ఫోనులో అన్నాడు: "ఓనర్ సెడ్ ఐ విల్ సెండ్ ద లారీ టుమారో." మర్నాడు లారీ బయల్దేరలేదు, ఏదో కారణం. కొనేవాళ్లు యజమానికి ఫోను చేయలేదు, ఇతనికి చేశారు. నువ్వే పంపిస్తానన్నావు కదా అని. నేననలేదు, ఓనరన్నారు అంటే, నిన్ననేమో నేనన్నావు, ఇవాళ కాదంటున్నావు, మాట మారుస్తున్నావు అన్నారట. యజమాని దగ్గర కూడా మాట పడ్డాడు. "మేడమ్, నానేటి తప్పు సెప్పినాను?" అని అడిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పు అతనిది కాదు, తెలుగు వాక్యం పద్ధతి వేరు. పంపిస్తానన్నారు. విడదీసి చూడండి: పంపిస్తాను, అన్నారు. పంపిస్తాను అనేది ‘నేను’ మాట. యజమాని నోట్లో ఉన్నప్పుడు ఎలా ఉందో, ఈ కుర్రాడి నోట్లోకి వచ్చాక కూడా చెక్కుచెదరకుండా అలాగే ఉంది. పంపిస్తాను అన్నది ఎవరో చివరున్న అన్నారు చెప్పేస్తుంది. వస్తానన్నాడు, రానంది, తిననన్నారు. అవతలివాడి మాటని అలాగే ఎత్తుకొచ్చి మన వాక్యంలో పెడతాం, అంటుకోవడానికి ‘అని’ ఉంది. వినే ఏ తెలుగువాడికీ అనుమానం రాదు.

ఇంగ్లీషులో ‘ఐ’ అంటే ఆ క్షణాన ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లే. ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. కాబట్టి అవతలివాడి ‘నేను’ని మన నోటితో చెప్పేటప్పుడు హీ చేయాలి, షీ చేయాలి. "ఓనర్ సెడ్ హీ వుడ్ సెండ్ ద లారీ టుమారో." అప్పుడు పంపాల్సింది ఓనరు. ఆ ఒక్క హీ ఉంటే కుర్రాడు మాట పడేవాడు కాదు.

విల్‌ని వుడ్ చేయడం, ఈజ్‌ని వాజ్ చేయడం కూడా ఉంది. సెడ్ వెనక్కి వెళ్లింది కాబట్టి దాని వెంట మిగతా క్రియ కూడా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. కానీ నా దగ్గర చదివేవాళ్లకి ముందు మనిషిని మార్చడం నేర్పుతాను, కాలం తర్వాత. విల్ అని ఉంచేసి "హీ సెడ్ హీ విల్ సెండ్ ఇట్ టుమారో" అన్నా, ఆ రేపు ఇంకా రాలేదు గనక ఎవరూ తప్పు పట్టరు. ఐ అని ఉంచేస్తే మాత్రం మనిషే తారుమారవుతాడు. బళ్లలో దీన్ని తలకిందులుగా నేర్పుతారు. పట్టికలో కాలాలన్నీ బట్టీ పట్టించి, మనిషి సంగతి ఒక్క లైనులో తేల్చేస్తారు.

ఆ కుర్రాడితో ఆ రోజు గంటసేపు ఇదే చేయించాను. నేను తెలుగులో అంటాను, అతను ముందు ‘ఎవరు?’ అని తెలుగులోనే జవాబు చెప్పి, తర్వాత ఇంగ్లీషులోకి దిగాలి.

"రానన్నాడు." ఎవరు రారు? వాడు. "హీ సెడ్ హీ వుడ్‌న్ట్ కమ్."

"జ్వరంగా ఉందంది." ఎవరికి? ఆవిడకి. "షీ సెడ్ షీ హ్యాడ్ ఎ ఫీవర్."

"నాకు తెలీదన్నారు." ఎవరికి తెలీదు? వాళ్లకి. "దే సెడ్ దే డిడ్‌న్ట్ నో." ఇక్కడ తెలుగులో ‘నాకు’ అని పైకే వినబడుతోంది, అయినా ఇంగ్లీషులోకి మీ గానీ ఐ గానీ రాలేదు చూడండి. ఈ వాక్యం దగ్గర అతను మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి పట్టుకున్నాడు.

చెయ్యమనడం, వద్దనడం అయితే సెడ్ కంటే టోల్డ్ హాయి. రమ్మన్నాడు అంటే "హీ టోల్డ్ మీ టు కమ్", వెళ్లొద్దన్నాడు అంటే "హీ టోల్డ్ మీ నాట్ టు గో". నర్సులకి ఇది రోజూ కావాలి. డ్యూటీ అప్పగించేటప్పుడు డాక్టరుగారు ఏం చెయ్యమన్నారో ఈ వాక్యంతోనే చెప్పాలి. ప్రశ్న అయితే రెండూ వద్దు, ఆస్క్‌డ్ అనేది ఉంది.

ఇంకొకటి. తెలుగులో మనుషులే చెప్తారు, బోర్డులూ గడియారాలూ చెప్పవు. బోర్డు మీద రాసుంది అంటాం. ఇంగ్లీషులో బోర్డు కూడా సెజ్. మా స్టేషనే తీసుకోండి. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద ఉండేది శ్రీకాకుళం రోడ్. కొత్తవాళ్లు దిగాలా వద్దా అని తలుపు దగ్గర తటపటాయిస్తారు. అలాంటివాళ్లకి చెప్పమని మా పిల్లలకి నేర్పిన వాక్యం: "ద బోర్డ్ సెజ్ శ్రీకాకుళం రోడ్, బట్ వీ కాల్ ఇట్ ఆమదాలవలస." ఒక ఇంటర్ పిల్లాడు నిజంగానే ప్లాట్‌ఫారం మీద ఒక బెంగాలీ కుటుంబానికి ఈ మాట చెప్పి వచ్చాడు. వాళ్లు అరసవల్లి వెళ్లాల్సినవాళ్లట, సామాన్లు దింపించి ఆటో దాకా తోడెళ్లాడు.

సాధన రోజుకి పావుగంట చాలు, కానీ రోజూ చేయాలి. రాత్రి అన్నాలయ్యాక ఒక నోటుబుక్కులో ఆ రోజు ఇంట్లో ముగ్గురు అన్న మాటలు రాసుకోండి. ముందు తెలుగులో, వాళ్లు ఎలా అంటే అలాగే, దిద్దకుండా. దాని కింద ఇంగ్లీషులో. తర్వాత నోటుబుక్కు మూసి పైకి చెప్పండి. చూసి చదివితే ఎస్, ఏ, ఐ, డీ మళ్లీ కళ్లకి తగిలి నాలుక సాగుతుంది. ఫోనులో రికార్డు చేసుకుని విన్నా మంచిదే.

బూర్జ అమ్మాయి మొదటి రాత్రి రాసిన పేజీ నా దగ్గరుంది.

నాయనమ్మ: "కూరలో ఉప్పు నేదు." "మై గ్రాండ్‌మదర్ సెడ్ దేర్ వాజ్ నో సాల్ట్ ఇన్ ద కర్రీ."

తమ్ముడు: "నాను రేపు బడికెల్లను." "మై బ్రదర్ సెడ్ హీ వుడ్‌న్ట్ గో టు స్కూల్ టుమారో."

అమ్మ: "బేగి తొంగో." "మై మదర్ టోల్డ్ టు మీ టు స్లీప్ ఎర్లీ."

మూడో వాక్యంలో మొదటి టు ఒక్కటి ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను. తమ్ముడి ‘నాను’ హీ అయినందుకు పక్కన టిక్కు పెట్టాను. పైకి చెప్పించాను. మొదటి వాక్యంలో సెడ్ బాగా వచ్చింది, రెండో దాంట్లో కొంచెం సాగింది. "నాయనమ్మ సెప్పినాదే, మళ్లీ అను" అన్నాను. అంది. పదో రోజు సాయంత్రం, విశాఖ బండెక్కే ముందు, మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను. నర్సింగులోనే ఎందుకు చేరావమ్మా? ఈసారి గోడకేసి చూడలేదు. "మై మదర్ టోల్డ్ మీ నర్సింగ్ వాజ్ ఎ గుడ్ జాబ్," అంది. కాస్త ఆగి, ఎవరూ అడగకుండానే ఇంకోటి చేర్చింది: "షీ సెడ్ ఐ హ్యాడ్ స్టెడీ హ్యాండ్స్."

నా చేతులు వణకవని మా అమ్మ అంది అని. ఆ ఐ సరైనదేనా అని నన్ను అడిగింది. సరైనదే. వాళ్లమ్మ ‘నీ చేతులు’ అంది, ఇప్పుడు మాట్లాడుతున్నది ఈ అమ్మాయి, ఆ చేతులూ ఈ అమ్మాయివే.